వరసగా పడే త్రీలు, వరసగా తప్పే త్రీలు: షూటర్‌ని ఎప్పుడు నమ్మాలి, ఎప్పుడు కూర్చోబెట్టాలి?

కార్నర్_త్రీ:
చాలా రోజులుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న. బాస్కెట్‌బాల్‌లో త్రీ అంటే గీత బయటి నుంచి వేసే మూడు పాయింట్ల షాట్. ఏళ్ల తరబడి వేసిన త్రీలలో 40 శాతం దాకా పడే షూటర్ ఉన్నాడు. ఉన్నట్టుండి అతనికి ఏమీ పడటం లేదు. కోచ్ ఏం చేయాలి? అలాగే బంతి ఇస్తూ పోవాలా, బెంచ్ మీద కూర్చోబెట్టాలా?

ఎన్‌బీఏలో (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) గోల్డెన్ స్టేట్ షూటర్ క్లే థాంప్సన్‌ని 2018-19 సీజన్ మొదట్లో చూడండి. మొదటి ఏడు మ్యాచ్‌ల్లో 36 త్రీలు వేస్తే పడినవి 5. ఎనిమిదో మ్యాచ్ అక్టోబర్ 29న షికాగో బుల్స్ మీద. ఆ రోజు ఆడింది 27 నిమిషాలే, పడినవి 14 త్రీలు. ఒక మ్యాచ్‌లో అన్ని త్రీలు అంతకుముందు ఎవరికీ పడలేదు. వారం రోజుల్లో అదే మనిషి, అదే చెయ్యి. ఆ ఏడు మ్యాచ్‌ల దరిద్రం నిజమా, ఆ రాత్రి ఊపు నిజమా, రెండూ లెక్కల మాయేనా?

రీబౌండ్_రాజా:
మాయ ఏంటి బ్రో. క్లేదే ఇంకోటి చెప్తా. 2015 జనవరి 23, సాక్రమెంటో మీద మూడో క్వార్టర్. 13 షాట్లకి 13 పడ్డాయి. అందులో త్రీలు 9కి 9. పన్నెండు నిమిషాల్లో 37 పాయింట్లు. దాన్ని నాణెం ఎగరేయడంతో పోల్చేవాళ్లు జీవితంలో ఒక్కసారైనా బంతి పట్టుకున్నారా అని నా డౌటు. ఆ క్వార్టర్లో అతనికి పూనకం వచ్చింది, అంతే.

లెక్కలమాస్టారు:
రాజా గారూ, నాణెంతో పోల్చినవాళ్లు చిన్నవాళ్లు కాదు. 1985లో గిలోవిచ్, వలోన్, ట్వర్‌స్కీ అనే ముగ్గురు పరిశోధకులు ఇదే పని చేశారు. ఫిలడెల్ఫియా జట్టు 1980-81 సీజన్‌లో సొంత మైదానంలో వేసిన షాట్లు వరసగా రాసుకుని, షాట్ పడిన వెంటనే వేసింది పడే అవకాశం పెరుగుతోందా అని చూశారు. పెరగలేదు, కొందరికి కాస్త తగ్గింది కూడా. బోస్టన్ జట్టు ఫ్రీ త్రోలు (ఫౌల్ అయ్యాక ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లు) చూశారు, అక్కడా ఏమీ లేదు. ఇవి కాదని కార్నెల్ యూనివర్సిటీ ఆటగాళ్లు 26 మందితో తలా వంద షాట్లు వేయించారు. అక్కడా పెద్దగా ఏమీ తేలలేదని రాశారు. అడిగిన అభిమానుల్లో మాత్రం నూటికి 91 మంది రెండు మూడు పడ్డాక ఇంకోటి పడే అవకాశం ఎక్కువని నమ్మారు. వరసలు నిజంగానే కనిపిస్తాయి, కానీ యాదృచ్ఛికంగా వచ్చే వరసల కన్నా ఎక్కువేం లేవు, మన బుర్రే వాటికి కథ అల్లుతోంది అని వాళ్ల వాదన.

పాతకాపు:
ఆ పరిశోధన బయటికొచ్చినప్పుడు బోస్టన్ సెల్టిక్స్ పెద్దాయన రెడ్ ఆయర్‌బాక్ అస్సలు పట్టించుకోలేదని చెబుతారు. నాకు ఆయన మీదే గురి.

ఊపు సంగతి అలా ఉంచండి, పడకపోవడం గురించి ఎవరూ మాట్లాడరే? 1994 ఫైనల్స్ ఏడో మ్యాచ్, న్యూయార్క్ జాన్ స్టార్క్స్. 18 షాట్లకి 2. త్రీలు 11 వేశాడు, ఒక్కటీ పడలేదు. కోచ్ పాట్ రైలీ చివరిదాకా అతన్నే ఆడించాడు. టైటిల్ పోయింది. 2010 ఫైనల్స్‌లో రే అలెన్‌కి రెండో మ్యాచ్‌లో 8 త్రీలు పడ్డాయి, అప్పటికి ఫైనల్స్ రికార్డు. మూడో మ్యాచ్‌లో 13 షాట్లు వేస్తే ఒక్కటీ పడలేదు, వాటిలో త్రీలే ఎనిమిది. మధ్యలో ఒక్క రోజే తేడా. ఇలాంటివి చూశాక నాకు లెక్కల మీద నమ్మకం లేదు, ఊపు మీద కూడా లేదు.

బెంచీవీరుడు:
పాతకాపు గారి పద్ధతి నాకు నచ్చింది, దేన్నీ నమ్మకపోతే ఓడిపోయే ప్రసక్తే లేదు 😄

స్వాతి_గార్డ్:
నేను కాలేజీ జట్టుకి షూటింగ్ గార్డ్‌గా ఆడాను, కాబట్టి కాస్త వేరేగా చెప్తాను. అందరూ పడిందా లేదా అనే చూస్తున్నారు. ఎలా తప్పిందో ఎవరూ చూడటం లేదు.

షాట్ రిమ్ (బుట్ట చుట్టూ ఉండే ఇనుప వలయం) ముందు అంచుకి తగిలి ఆగితే చాలాసార్లు కాళ్లు అలిసిపోయాయని అర్థం. దూరం షాట్‌కి బలం కాళ్ల నుంచే రావాలి, చేతుల నుంచి కాదు. వరసగా రెండు రోజులు మ్యాచ్‌లు ఉన్నప్పుడు, నాలుగో క్వార్టర్లో ఇలాంటివి ఎక్కువ కనిపిస్తాయి. కుడికో ఎడమకో పోతోంది అంటే అది చేతి సమస్య, మోచేయి పక్కకి పోతోందో, వేలి నుంచి బంతి వంకరగా వదులుతున్నాడో. ఆ రెండోదాని గురించే భయపడాలి. ముందు వెనక తప్పులు విశ్రాంతితో సర్దుకుంటాయి. పక్కలకి పోయేవి ఊరికే సర్దుకోవు.

రిమ్ అడ్డం 18 అంగుళాలు, బంతి సుమారు 9న్నర. బంతి దాదాపు 45 డిగ్రీల కోణంలో దిగితే, రిమ్ ముందు అంచు దాటి 11 అంగుళాల దగ్గర పడితే ఎక్కువ లోపలికి పోతుందని షాట్లు కొలిచే యంత్రాల వాళ్లు చెప్తారు. అంటే మధ్యకి కాదు, కొంచెం లోపలికి. దూరం తగ్గిన షాట్ కన్నా కాస్త ఎక్కువ పోయిన షాట్‌కే రిమ్ దయ చూపిస్తుంది.

కార్నర్_త్రీ:
స్వాతి గారూ, ఇది నాకు కొత్త కోణం. మరి క్లే ఆ ఏడు మ్యాచ్‌లూ ఎటు తప్పాడు?

స్వాతి_గార్డ్:
ఒక్కొక్కటిగా గుర్తులేవు. కానీ అతని షాట్ ఆకారం మారిందని అప్పుడు ఎవరూ అనలేదు. బంతి వదిలే తీరు అదే, అదే ఎత్తు. అలాంటివాడిని వదిలేయాలి. సీజన్ చివరికి 40 శాతం దాటాడు కదా.

లెక్కలమాస్టారు:
క్లే సంగతి లెక్కలో చూద్దాం. 42 శాతం షూటర్ 36 వేస్తే సగటున 15 పడాలి. 5 లేదా అంతకన్నా తక్కువ పడే అవకాశం వెయ్యిలో ఒకటి కన్నా తక్కువ. చాలా అరుదు కదా అనిపిస్తుంది. కానీ లీగ్‌లో వందల మంది షూటర్లు, ఒక్కొక్కరికీ ఏడాదికి 82 మ్యాచ్‌లు. ఇన్ని కిటికీల్లోంచి చూస్తే ఎక్కడో ఒకచోట ఇలాంటిది ప్రతి ఏడాదీ పడుతుంది. మనం దాన్ని మాత్రమే గుర్తుపెట్టుకుంటాం.

ఇంకా ఇబ్బంది ఏంటంటే శాతం అనేది మనం అనుకునేంత గట్టి కొలత కాదు. నిజంగా 40 శాతం ఉన్నవాడు వంద త్రీలు వేస్తే 30 పడినా, 50 పడినా అది మామూలే. నాలుగు వందలు వేసినా 35 నుంచి 45 మధ్య ఎక్కడైనా తేలొచ్చు. అంటే చాలామందికి ఒక పూర్తి సీజన్ కూడా చాలదు.

రీబౌండ్_రాజా:
మాస్టారూ, అన్నిటికీ అదృష్టం అంటే ఇంక ఆట ఎందుకు, లాటరీ పెట్టుకుందాం.

లెక్కలమాస్టారు:
అన్నిటికీ అనలేదు. 2021-22లో గోల్డెన్ స్టేట్ షూటర్ స్టెఫ్ కర్రీ 750 త్రీలు వేస్తే 285 పడ్డాయి, సరిగ్గా 38 శాతం. అతని స్థాయికి అది బాగా తక్కువ. 750 షాట్ల మీద అంత తేడాని అదృష్టం ఒక్కదానితో సరిపెట్టడం కష్టం. అక్కడ ఏదో ఉంది అనే చెప్తాను.

పాతకాపు:
ఆ ఏడాది బంతి మారింది. ఎన్‌బీఏ స్పాల్డింగ్ కంపెనీ బంతి వదిలేసి విల్సన్ బంతికి వెళ్లింది. పాల్ జార్జ్ లాంటివాళ్లు పట్టు తేడాగా ఉందని బహిరంగంగానే అన్నారు. లీగ్ మొత్తం త్రీ శాతం కూడా ముందు ఏడాది 36.7 ఉంటే 35.4కి పడింది. బంతి వల్లే అని గట్టిగా అనలేం. ముందు ఏడాది చాలా మ్యాచ్‌లు ఖాళీ స్టేడియాల్లో జరిగాయి, పైగా బంతి మారిన ఏడాదే ఫౌల్ నిబంధనలు కూడా బిగించారు.

అంతకన్నా పెద్ద గొడవ 2006లో. తోలు బంతి తీసేసి సింథటిక్ బంతి తెచ్చారు. వేళ్లు కోసుకుపోతున్నాయని ఆటగాళ్లు మొత్తుకున్నారు. మధ్యలోనే, 2007 జనవరి 1 నుంచి మళ్లీ తోలు బంతే. షూటర్ వేళ్ల చివర్లతో బతుకుతాడు. అక్కడ తేడా వస్తే ఏ లెక్కా పనిచేయదు.

బెంచీవీరుడు:
నేను త్రీ మిస్ అయినప్పుడల్లా బంతినే తిట్టేవాణ్ని, ఇన్నాళ్లకి సాక్ష్యం దొరికింది.

మోడరేటర్:
వీడియో లింకులు ఇక్కడ వేయొద్దు, వాటికి వేరే థ్రెడ్ ఉంది. చర్చ బాగుంది, కొనసాగించండి.

కార్నర్_త్రీ:
మాస్టారూ, ఆ 1985 పరిశోధన తప్పని ఎక్కడో చదివాను. నిజమేనా?

లెక్కలమాస్టారు:
అడిగారు కాబట్టి ఓపిగ్గా చదవండి, ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. మిల్లర్, సన్‌హుర్హో అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2018లో ప్రచురించారు. నాణెం మూడుసార్లు ఎగరేయండి. బొమ్మ పడిన వెంటనే తర్వాతిది బొమ్మ పడ్డ శాతం రాసుకోండి. మొత్తం ఎనిమిది రకాలుగా రావొచ్చు. బొరుసు బొరుసు బొరుసు, బొరుసు బొరుసు బొమ్మ, ఈ రెండిట్లో రాసుకోవడానికి ఏమీ ఉండదు. మిగిలిన ఆరింట్లో:

బొమ్మ బొమ్మ బొమ్మ: 100 శాతం
బొమ్మ బొమ్మ బొరుసు: 50
బొమ్మ బొరుసు బొమ్మ: 0
బొమ్మ బొరుసు బొరుసు: 0
బొరుసు బొమ్మ బొమ్మ: 100
బొరుసు బొమ్మ బొరుసు: 0

సగటు తీయండి. 250ని ఆరుతో భాగిస్తే 41.7. యాభై కాదు! నాణేనికి ఏ జ్ఞాపకమూ లేదు, అయినా ఈ పద్ధతిలో లెక్కేస్తే బొమ్మ తర్వాత బొమ్మ తక్కువగా వస్తున్నట్టు కనిపిస్తుంది. చిన్న వరసల్లో ఈ వంకర ఎక్కువ. 1985లో ప్రతి ఆటగాడికీ ఇలాగే లెక్కేశారు. అంటే వరస తర్వాత శాతం మారకపోతే అది ఊపు లేదనడానికి సాక్ష్యం కాదు, ఉందనడానికి సాక్ష్యం. ఆ వంకర సరిచేస్తే అదే కార్నెల్ షాట్లలో వరస పడ్డాకా, వరస తప్పాకా మధ్య తేడా పది శాతం పైనే తేలింది.

రీబౌండ్_రాజా:
నేను మొదటి పోస్టులోనే చెప్పాను కదా 😎 దీనికి ముప్పై ఏళ్లు పట్టిందా వాళ్లకి!

స్వాతి_గార్డ్:
రాజా, ఆగండి. కార్నెల్ షాట్లు ఎదురుగా ఎవరూ లేనప్పుడు వేసినవి. మ్యాచ్‌లో వేరు. రెండు పడ్డాయంటే మూడోది ఎలా వేస్తాడో చూడండి. అడుగు వెనక్కి జరుగుతాడు, మీదకి మనిషి వస్తున్నా వేస్తాడు, డ్రిబుల్ మీద నుంచి లేస్తాడు. అవతలి జట్టు కూడా నిద్రపోదు కదా, అతనికే ఇద్దరిని అంటిస్తారు. షాట్ కష్టం అయినా అదే శాతం పడుతోందంటే నిజానికి అతను బాగా వేస్తున్నట్టే, శాతంలో మాత్రం కనిపించదు.

2014లో ముగ్గురు దీన్ని లెక్కించారు. 2012-13 సీజన్‌లో స్టేడియం కెమెరాలు పట్టిన 83 వేలకు పైగా షాట్లు తీసుకుని, దూరం, డిఫెండర్ ఎంత దగ్గరున్నాడు ఇవన్నీ సరిచేసి చూశారు. వేడి మీదున్న ఆటగాడికి 1.2 నుంచి 2.4 శాతం దాకా పెరుగుదల కనిపించింది. ఉంది, కానీ చిన్నది. ఆ చిన్న లాభాన్ని ఒక్క పిచ్చి షాట్‌తో పోగొట్టుకోవచ్చు.

పాతకాపు:
2 శాతమా? దానికోసమా ఇంత రభస.

లెక్కలమాస్టారు:
పాతకాపు గారూ, ఆ 2 శాతం మోసం చేస్తుంది. ఒక ఊహా షూటర్‌ని తీసుకోండి. ఐదో వంతు సమయం అతను నిజంగా ఊపులో ఉండి 55 శాతం వేస్తాడు. మిగతా సమయం 36 శాతం. మొత్తం మీద 40 శాతం షూటర్. ఊపులో ఉన్నప్పుడు, లేనప్పుడు తేడా 19 శాతం, అంటే చాలా పెద్దది.

ఇప్పుడు మనకి కనిపించేది ఒక షాట్ పడటం. మామూలుగా ఉన్నప్పుడు కూడా షాట్లు పడతాయి కదా, కాబట్టి ఒకటి పడినంత మాత్రాన అతను ఊపులో ఉన్నాడని తెలియదు. లెక్కేస్తే షాట్ పడ్డాక తర్వాతిది పడే అవకాశం 41 శాతం, తప్పాక 39. తేడా రెండే. లోపల 19 ఉంది, బయటికి 2 కనిపించింది. మూడు వరసగా పడితే 45కి వస్తుంది.

అందుకే పడింది, పడలేదు అనే రెండు గుర్తులతో ఊపుని పట్టుకోవడం కష్టం. పక్కనే ఉన్న సహచరుడికి, కోచ్‌కి కళ్లతో ఇంకా ఎక్కువ తెలుస్తుందేమో. స్వాతి గారు చెప్పిన బంతి వదిలే తీరు, కాళ్లు, బంతి తిరుగుడు ఇవి స్కోరు షీట్‌లో ఉండవు.

కార్నర్_త్రీ:
అబ్బ, ఇది బాగుంది. అంటే ఊపు నిజమే, కానీ దాన్ని బాక్స్ స్కోరులో (మ్యాచ్ గణాంకాల పట్టిక) వెతకొద్దు.

రీబౌండ్_రాజా:
ఎదురుగా మనిషి లేకుండా కావాలంటే త్రీ పాయింట్ పోటీలు చూడండి. 1991లో క్రెయిగ్ హాడ్జెస్‌కి వరసగా 19 పడ్డాయి. 2023లో డబ్ల్యూఎన్‌బీఏ (మహిళల లీగ్) పోటీలో సబ్రినా అయొనెస్కు చివరి రౌండ్‌లో 27 బంతులకి 25, మధ్యలో వరసగా 20, 40 పాయింట్లకి 37. ఇప్పుడు చెప్పండి నాణెం అని.

బెంచీవీరుడు:
మరి హ్యూస్టన్ సంగతో? 2018 వెస్ట్ ఫైనల్స్ ఏడో మ్యాచ్, వరసగా 27 త్రీలు తప్పారు. మొత్తం 44కి 7. ఒక్కడు కాదు, జట్టు జట్టంతా. దానికి కూడా 'తిరగబడ్డ పూనకం' అందామా?

లెక్కలమాస్టారు:
హ్యూస్టన్ ఆ సీజన్‌లో 36 శాతం జట్టు. 44 షాట్లలో ఎక్కడైనా వరసగా 27 తప్పే అవకాశం లెక్కేశాను, సుమారు 26 వేలల్లో ఒకటి. మామూలు దురదృష్టానికి అది కాస్త ఎక్కువే.

స్వాతి_గార్డ్:
36 శాతం అనే అంకెని ఏడో మ్యాచ్‌కి అలాగే వాడలేం మాస్టారూ. క్రిస్ పాల్ గాయంతో లేడు. బంతి నడిపించే భారం అంతా హార్డెన్ మీద. జట్టు కొద్దిమందినే మార్చి మార్చి ఆడిస్తోంది, కాళ్లు అయిపోయాయి. ఆ షాట్లలో ఎదురుగా ఎవరూ లేకుండా ఖాళీగా దొరికినవి కూడా బాగానే ఉన్నాయి, అది ఒప్పుకుంటాను. కానీ అలిసిన కాళ్లతో వేసిన ఖాళీ షాట్ కూడా ఖాళీ షాటేనా?

పాతకాపు:
అలుపే కాదు, భయం కూడా. ఎదుటివాడు లేని చోట కూడా చెయ్యి వణికే కథ చెప్తా. 1995 ఫైనల్స్ మొదటి మ్యాచ్, ఓర్లాండో నిక్ ఆండర్సన్. ఆట చివరి క్షణాల్లో వరసగా నాలుగు ఫ్రీ త్రోలు తప్పాడు, గెలవాల్సిన మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో పోయింది. రెండేళ్లకి అతని ఫ్రీ త్రో శాతం 40కి పడిపోయింది. అది యాదృచ్ఛికం కాదు, కాళ్లూ కాదు. ఒక్క రాత్రి మనిషి లోపల దూరి కూర్చుంది. నేను స్లంప్ (ఆట చాలాకాలం పడిపోవడం) అని ఒప్పుకునేది అలాంటిదాన్నే.

కార్నర్_త్రీ:
సరే, మళ్లీ నా మొదటి ప్రశ్న. కోచ్ ఏం చేయాలి?

స్వాతి_గార్డ్:
కర్రీకి కోచ్‌గా స్టీవ్ కెర్ ఏం చేశాడో చూడండి. ఆయన స్వయంగా షూటర్, కెరీర్ మొత్తం 45.4 శాతం, లీగ్ చరిత్రలో అదే ఎక్కువ. 2016 నవంబర్ 4న కర్రీ లేకర్స్ మీద 10 త్రీలు వేస్తే ఒక్కటీ పడలేదు. వరసగా 157 మ్యాచ్‌ల్లో కనీసం ఒక త్రీ అనే రికార్డు ఆగిపోయింది. కెర్ అతని ఆట ఏమీ మార్చలేదు. తర్వాతి మ్యాచ్‌లో, పెలికన్స్ మీద, 17కి 13, అప్పటికి ఒక మ్యాచ్ రికార్డు. 2022 ఫైనల్స్ ఐదో మ్యాచ్‌లో 9కి 0. ఆరో మ్యాచ్‌లో 6 త్రీలు, 34 పాయింట్లు, టైటిల్, ఫైనల్స్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడు).

షాట్ ఆకారం బాగుంటే ఆడిస్తూ ఉండాలి, అంతకన్నా చేయాల్సింది లేదు. అయితే ఎలాంటి షాట్లు వేయించాలో మార్చొచ్చు. డ్రిబుల్ మీద నుంచి లేచేవి తగ్గించి, పట్టి వేసేవి ఇవ్వాలి. మూలకి పంపాలి, అక్కడ ఎన్‌బీఏలో గీత 22 అడుగులే, పైన 23 అడుగుల 9 అంగుళాలు. ఇంకోటి, త్రీలు పడకపోయినా అతను కోర్టులో నిలబడితే చాలు, అవతలివాళ్లు అతన్ని వదలరు, లోపల దారి తెరుచుకుంటుంది. కూర్చోబెడితే అది కూడా పోతుంది.

పాతకాపు:
కర్రీ అయితే సరే. నీ దగ్గర కర్రీ లేకపోతే? స్టార్క్స్‌ని ఆడించినవాడు కూడా ఇదే నమ్మాడు.

స్వాతి_గార్డ్:
స్టార్క్స్ ఆ రోజు 11 త్రీలు వేయడమే తప్పంటాను, ఆడటం కాదు. ఆరేడు తప్పాక లోపలికి వెళ్లి ఫౌల్ తెచ్చుకోమని చెప్పేవాళ్లు లేకపోయారు.

బెంచీవీరుడు:
ఒక్క ప్రశ్న, అందరూ జవాబు చెప్పాలి. ఒక పాయింట్ వెనకబడ్డారు, పది సెకన్లు ఉన్నాయి. ఒకడికి వరసగా మూడు పడ్డాయి, మామూలుగా 40 శాతం. ఇంకొకడు ఎప్పుడూ 43 శాతం, ఈ రోజు ఇంకా ఒక్క షాటూ వేయలేదు. ఎవరికిస్తారు?

రీబౌండ్_రాజా:
మూడు పడ్డవాడికి. ఇంకో మాట లేదు.

లెక్కలమాస్టారు:
నా ఊహా షూటర్ లెక్క ప్రకారం 45కి 43. రాజా గారి వైపే, కానీ జుట్టు వాసి తేడా.

స్వాతి_గార్డ్:
బంతి మూడు పడ్డవాడి చేతికే ఇస్తాను. షాట్ మాత్రం రెండోవాడిది. వేడి మీదున్నవాడి మీదకి ఇద్దరు వస్తారు, రావాలి.

పాతకాపు:
1993 ఫైనల్స్ ఆరో మ్యాచ్, ఫీనిక్స్. నాలుగో క్వార్టర్లో అప్పటిదాకా షికాగోకి వచ్చిన ప్రతి పాయింటూ జోర్డాన్‌దే. చివరి పొజెషన్‌లో ఫీనిక్స్ వాళ్ల కళ్లన్నీ అతని మీదే. బంతి జోర్డాన్ నుంచి పిప్పెన్‌కి, అక్కడి నుంచి గ్రాంట్‌కి, గ్రాంట్ బయటికి పాక్సన్‌కి. 3.9 సెకన్లు ఉండగా త్రీ, 99-98.

రీబౌండ్_రాజా:
అన్నా, అది జోర్డాన్ ఊపు గొప్పదనమే కదా మరి!